చేత ఇనుము – పోత ఇనుము : గొట్టపు ఫిట్టింగులపై అక్షరముల అర్థము

మన పేటలలో నూలు కొనువాడెవ్వడును అంకె చూడక కొనడు. నలభై నంబరు నూలు అనగా 840 గజముల చిలపలు నలభై కలిసి ఒక పౌను తూగునని, అనగా పౌనుకు 33,600 గజముల దారము వచ్చునని, నంబరు పెరిగిన కొలది నూలు సన్నమగునని పదియేండ్ల బాలుడు సైతము చెప్పగలడు. రెండు బై నలభై యన్నచో రెండు పోగులు కలిపి పేనిన నలభై నంబరని వానికి వేరుగ బోధింప నక్కరలేదు. వేరువేరు లాట్ల రంగునూలును ఒకే పడుగున కలిపినచో చద్దరుపై చారలు పడునని తాత తండ్రికిని, తండ్రి కొడుకునకును చెప్పుచునే యున్నారు. ఇంతటి జాగ్రత్త గలవారమే, అద్దకపు కార్ఖానాకు ఆవిరి గొట్టము వేయించునపుడు ఇనుప సామాను దుకాణమునకు పోయి, గట్టిది చూచి యిమ్మని మాత్రమే యడుగుదుము. ఆ వస్తువుపై పొడిచియున్న అంకెలు, అక్షరములు మనకు సంబంధించినవి కావనుకొందుము.

కొన్ని సంవత్సరముల క్రిందట, వర్షాకాలమున ఒక ఉదయము, మన పేటలోని ఒక చిన్న అద్దకపు కార్ఖానాలో ఆవిరి గొట్టపు ఎల్బో యొకటి పగిలెను. పాత ఎల్బో కారుచున్నదని ముందునాటి రాత్రియే దానిని తీసి క్రొత్తది బిగించియుండిరి. తెల్లవారి బాయిలరులో ఆవిరి సిద్ధమైన పిదప పనివాడు వాల్వును ఒక్కసారిగా త్రిప్పెను. గొట్టములో సమ్మెటతో కొట్టినట్లు రెండు మూడు దెబ్బలు వినబడెనట. మరుక్షణమే ఎల్బో రెండు ముక్కలయ్యెను. అతని కుడిచేయియు, వీపును కాలినవి. రెండు నెలలు పనికి పోలేదు. అతని కుమార్తె అప్పుడు నా తరగతిలోనే చదువుచుండెను. ఆ రెండు నెలలలో ఆ బాలిక బడికి వచ్చిన దినములకంటె రాని దినములే యెక్కువ. తల్లికి తోడుగా బీడీలు చుట్టుటకు ఇంటనే యుండిపోయెను.

పిమ్మట అతడు ఆ రెండు ముక్కలను, దుకాణపువారి చిట్టీని ఒక గుడ్డలో మూటగట్టి నాయొద్దకు తెచ్చెను. "గురూజీ, చిట్టీ మీద రాట్ అని రాసిండ్రు. రాట్ అంటె గట్టి ఇనుమే గదా? మరి ఇది గాజుబుడ్డి తీర్గ ఎట్ల పలిగింది?" అని అడిగెను. అతని ప్రశ్న సమంజసమైనది. దానికి నేను ఆనాడు చెప్పిన సమాధానము తొందరపాటుది, సగమే సరియైనది. తక్కిన సగమును గూడ చేర్చి ఇచట వ్రాయుచున్నాను.

రాట్ అను ఆంగ్లపదము వర్క్ అను క్రియకు ప్రాచీన భూతరూపము. మొదట డబ్ల్యు అక్షరమును వ్రాయుదురు గాని పలుకరు. పనిచేయబడినది, అనగా కాచి, కొట్టి, సాగదీసి, వంచి రూపము కల్పింపబడినది అని దాని యర్థము. మన పాఠ్యపుస్తకములలో చేత ఇనుము అని చదివినది ఇదియే. మరాఠీలో ఘడీవ్ లోఖండ్ అందురు. దీనికి ఎదురైనది పోత ఇనుము, కరిగించి అచ్చులో పోసినది, మరాఠీలో ఓతీవ్. పోత ఇనుమునే మన యిండ్లలో బీడు అందుము, మరాఠీ పొరుగువారును బీడ్ అనియే యందురు. జొన్నరొట్టె కాల్చు బిడాచా తవా ఎరుగనివారు షోలాపురమున నుండరు. (చేనేతలోని "చే" అనునది చేయి, చేత ఇనుములోని "చేత" అనునది చేయుట. పిల్లలు ఈ రెంటిని కలిపి, చేతితో చేసిన ఇనుము అని పరీక్షలో వ్రాయుచుందురు. దానికి సున్న వేయుటకు నాకు మనసొప్పదు. పూర్వము అది చేతి సమ్మెటతోనే సిద్ధమయ్యెడిది.)

బీడు తవా చేయి జారి బండపై పడినచో పగులును. గడ్డపారను బండపై ఎంత కొట్టినను వంగునే గాని పగులదు. రెండును ఇనుమే యైనను ఈ భేదమునకు కారణము బొగ్గుపదార్థము, అనగా కర్బనము. పోత ఇనుములో నూటికి 2 మొదలు 4 పాళ్ల వరకు కర్బనముండును. సాధారణపు బూడిదరంగు బీడులో ఈ కర్బనము సన్నని రేకులవలె లోహమంతటను వ్యాపించియుండును. దెబ్బ తగిలినపుడు పగులు ఆ రేకుల వెంబడి పరుగెత్తును. పాతకాలపు చేత ఇనుములో కర్బనము నూటికి పదవ వంతు పాలుకంటె తక్కువ. పైగా కొలిమిలో మిగిలిన చిట్టెము సమ్మెట దెబ్బలకు సాగి సన్నని నారవలె లోహమున కలిసియుండును. అందుచేత దానిని వంచవచ్చును, సాగదీయవచ్చును, రెండు ముక్కలను కాచి కొట్టి యతికింపవచ్చును.

ఢిల్లీలోని ఇనుపస్తంభము ఈ జాతిదే. సుమారు 1600 సంవత్సరముల నాటిది. ఇంగ్లండులో హెన్రీ కోర్ట్ 1784లో కొలిమిలో కలియబెట్టి చేత ఇనుమును విరివిగా చేయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. 1889లో పూర్తియైన పారిసులోని ఈఫిల్ గోపురము అట్టి ఇనుముతోనే కట్టబడినది. అయితే 1856లో బెస్సిమర్ ఉక్కు చేయు క్రొత్త మార్గమును ప్రకటించిన తరువాత క్రమముగా మెత్తని ఉక్కు, అనగా మనవారు ఎం.ఎస్. అనునది, చేత ఇనుము స్థానము నాక్రమించినది. నేడు బజారులో రాట్ ఐరన్ తలుపులు, రాట్ ఐరన్ మంచములు అని యమ్మునవి చాలవరకు మెత్తని ఉక్కువే. పేరు మిగిలినది, ఆ పేరు గల లోహము మాత్రము దాదాపుగా పోయినది.

మా విద్యార్థి తండ్రి చిక్కుపడినది ఇచటనే. నేడు గొట్టపు ఫిట్టింగులపై రాట్ అను మాట ఇనుపజాతిని తెలుపదు. ఆ వస్తువునకు రూపము వచ్చిన మార్గమును తెలుపును.

ఈ విషయము తేటపడుటకు మన పెద్దలు వచ్చిన తెలంగాణమునే తలచుకొనవచ్చును. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున ఇనుమును మట్టి మూసలలో పెట్టి కరిగించి, ఉక్కు గడ్డలు తీసెడివారు. హెన్రీ వాయిసీ యను నాతడు ఆ పనిని చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో బంగాళా ఆసియాటిక్ సంఘపు పత్రికలో ప్రకటింపబడినది. పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చి ఆ గడ్డలను కొనిపోయెడివారు. వానిని కాచి కొట్టి కత్తులు చేసెడివారు. ఆ గడ్డ మూసలో కరిగి గట్టిపడినది గనుక మొదట పోతయే. కమ్మరి సమ్మెట క్రింద సాగిన పిదప చేతయైనది. నేటి ఉక్కు గొట్టమును ఇట్టిదే. పెద్ద కొలిమిలో కరగును, దిమ్మెగా గట్టిపడును, పిదప ఎర్రగ కాచిన స్థితిలో మరలు దానిని నొక్కి సాగదీసి గొట్టము చేయును. చేత, పోత యను భేదము లోహపు పుట్టుకలో లేదు. తుదిరూపము ఎట్లు వచ్చినదను దానిలో నున్నది.

చేత ఎల్బో యెట్లు తయారగునో చెప్పిన పక్షమున దాని బలమునకు కారణము తెలియును. అతుకు లేని ఉక్కు గొట్టపు ముక్కను ఎర్రగ కాచి, కొమ్మువలె వంగి క్రమముగా లావగుచుండు ఇనుప కడ్డీమీదుగా వెనుకనుండి నెట్టుదురు. ముక్క ఆ కడ్డీని దాటి వచ్చునప్పటికి వంపును, సరియైన వెడల్పును పొందియుండును. టీ కావలెనన్న గొట్టమును అచ్చులో బిగించి, లోపల ద్రవముతో మిక్కుటమైన ఒత్తిడి కల్పింపగా ప్రక్కనుండి మూడవ నోరు ఉబికి వచ్చును. మూతలను ఉక్కు రేకునుండి అదిమి తీయుదురు. ఎచటను కరిగించి పోయుట లేదు. పోత ఎల్బో యట్లు కాదు; ఇసుక అచ్చులో ద్రవలోహము నింపి చల్లార్చినది. లోపల గాలిబుడగ మిగిలినను పైకి కనబడకపోవచ్చును.

ఇక అక్షరముల సంగతి. ఆవిరి పనికి వచ్చు మంచి అతుకు ఎల్బోపై "ఏ 234 డబ్ల్యు.పి.బి." అని యుండును. ఏ 234 అనునది 1898లో అమెరికాలో ఏర్పడిన ఏ.ఎస్.టి.ఎం. అను పరీక్షా ప్రమాణముల సంఘమువారి నిర్దేశసంఖ్య. మొదటి ఏ అక్షరము ఇనుము, ఉక్కు జాతులకు గుర్తు. 234 అనునది వరుససంఖ్య మాత్రమే. దానినుండి బలమును గాని, మందమును గాని తీయ ప్రయత్నింపరాదు. తరువాతి డబ్ల్యు అనగా రాట్, చేత. పి అనగా పైపు. బి అనునది తరగతి. ఏ 106 బి తరగతి గొట్టమునకు జోడగు ఉక్కు అని దాని తాత్పర్యము. ఈ ఉక్కులో కర్బనము నూటికి 0.30 పాళ్లకు మించరాదు. అందుచేత వెల్డింగు చక్కగ పట్టును. తెగుబలము కనీసము చదరపు మిల్లీమీటరుకు 415 న్యూటనులు. దీనిని మన మాటలలో చెప్పవలెనన్న, చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల తీగకు సుమారు 42 కిలోల బరువు వ్రేలాడదీసినను తెగరాదు. డబ్ల్యు.పి.సి. అని యున్నచో ఆ బలము 485. సుమారు 49 కిలోలు.

ఇంతవరకు సులభమే. చిక్కు ఇప్పుడు వచ్చును. అదే గొట్టమున బిగించు వాల్వుల మేనిపై "డబ్ల్యు.సి.బి." అని యుండును. దుకాణములలో కొందరు దీనిని రాట్ కార్బన్ బి అని విప్పి చెప్పుదురు. ఇది శుద్ధ తప్పు. ఆ అక్షరములు ఏ 216 అను నిర్దేశమునకు చెందినవి. ఆ నిర్దేశపు శీర్షికయే కరిగించి యతుకుటకు అనువైన ఉక్కు పోతలను గూర్చినది. కావున అందలి సి అనగా కాస్ట్, పోత. డబ్ల్యు అనగా వెల్డింగునకు తగినది. పోత వస్తువును చేత యనుట ఎట్లు పొసగును? (పోత ఉక్కు వేరు, బీడు వేరు అని గూడ ఇచట చెప్పవలెను. డబ్ల్యు.సి.బి. వాల్వు బీడు కాదు, ఆవిరికి పనికివచ్చును. దాని తప్పేమియు లేదు. దాని పేరును తప్పుగ విప్పుటయే తప్పు.)

మూడవ డబ్ల్యు గూడ నొకటి గలదు. తుప్పు పట్టని ఉక్కు ఫిట్టింగుల నిర్దేశము ఏ 403. అందు "డబ్ల్యు.పి. 304 – డబ్ల్యు" అని యుండవచ్చును. మొదటి డబ్ల్యు చేత. చివరి డబ్ల్యు మాత్రము వెల్డెడ్, అనగా అతుకు గలది. చివర ఎస్ ఉన్నచో సీమ్‌లెస్, అతుకు లేనిది. ఒకే వస్తువుపై ఒకే అక్షరము రెండుమారులు వచ్చి రెండు వేరు సంగతులు చెప్పుచున్నది! తెలుగులో "పేట" యన్న ఊరిభాగమగును, హారములోని వరుసయు నగును. ప్రక్కమాటను బట్టి మనము అర్థము గ్రహింతుము. ఇచటను అట్లే. ముందున్న సంఖ్యను వదలి అక్షరమును మాత్రము చదివినవాడు మోసపోవును. మా కార్ఖానా చిట్టీపై సంఖ్య లేదు. రాట్ అను ఒక్క మాట మాత్రమే యుండెను. దాని కేవిధమైన ఆధారమును లేదు.

304 అను అంకె మన వంటయింటి పళ్లెములు, బిందెలపై గూడ కనబడుచున్నది గనుక దానిని గూర్చి రెండు మాటలు. అది నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గల ఉక్కు. 316లో వీనితోపాటు 2, 3 పాళ్లు మాలిబ్డినము చేరును. ఉప్పునీటికి 304కు పుండ్లువలె గుంటలు పడవచ్చును, 316 అంతకంటె నిలుచును. నూలునకు రియాక్టివ్ రంగులు పట్టుటకు తొట్టిలో ఉప్పు గాని, గ్లాబర్ లవణము గాని వేయుదురని అద్దకమువారికి తెలియును. కావున ఉప్పు వేయు తొట్టి గొట్టములకు 316 వాడుట వ్యర్థవ్యయము కాదు.

మన దేశపు ప్రమాణములు మనకు మరింత చేరువైనవి. ఐ.ఎస్. 1239 మొదట 1958లో వెలువడినది. దాని మొదటి భాగము ఉక్కు గొట్టములను గూర్చినది, రెండవ భాగము చేత ఉక్కు ఫిట్టింగులను గూర్చినది. రాట్ అను మాట ఆ శీర్షికలోనే యున్నది. నీటి పనికి మనము కొను గాల్వనైజు ఎల్బోలు, టీలు మాత్రము చాలవరకు ఐ.ఎస్. 1879 ప్రకారము చేసినవి. అవి మాలియబుల్ పోత ఇనుము. మాలియబుల్ అనగా సాగునది యని నిఘంటువు చెప్పును. అంతమాత్రమున అది చేత ఇనుమని భ్రమపడరాదు. పోతపోసిన తరువాత చాలసేపు కాచి చల్లార్చి దాని పెళుసుతనమును తగ్గింతురు, పుట్టుక పోతయే. నోటి అంచున కడియమువలె లావుగ కట్టు ఉండుట దాని యానవాలు. ఇంటి నీటికి అది మంచి వస్తువే. నేడు ఇండ్లలో ప్లాస్టిక్ గొట్టములు వచ్చి దాని పనియు తగ్గినది.

బూడిద బీడునకు ఐ.ఎస్. 210 కలదు. అందు "ఎఫ్.జి. 200" వంటి పేరులోని 200 తెగుబలమునే తెలుపును, అనగా చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటనులు, పై ఉక్కులో సగము. ఒక పేరులో అంకె వరుససంఖ్య, ఇంకొకదానిలో బలము. నూలు వ్యాపారమున ఇంత గందరగోళము లేదని మనము కొంచెము గర్వింపవచ్చును.

గొట్టపు కొలతయు ఇట్టి చిక్కు గలదే. అర అంగుళపు గొట్టము, అనగా 15 మిల్లీమీటర్లది, లోపల గాని వెలుపల గాని సరిగా అర అంగుళముండదు. వెలుపలి వెడల్పు సుమారు 21.3 మిల్లీమీటర్లు. లైటు తరగతి మందము 2.0, మీడియము 2.6, హెవీ 3.2 మిల్లీమీటర్లు. మందము ఎంత పెరిగినను వెలుపలి కొలత మారదు, లోపలి రంధ్రమే తగ్గును. అందుచేతనే అన్ని తరగతులకు ఒకే మర సరిపోవును. గుర్తింపునకై లైటుకు పసుపు, మీడియమునకు నీలము, హెవీకి ఎరుపు పట్టీ వేయుదురు. రంగులతో బ్రతుకు మనకు ఇది మరపురాదు. ఆవిరి గొట్టములకు వాడు షెడ్యూలు అంకె నూలు నంబరునకు విరుద్ధముగా నడచును. నూలులో 80 నంబరు 40 కంటె సన్నము. గొట్టములో షెడ్యూలు 80 అనునది 40 కంటె మందము. రెండంగుళముల గొట్టమునకు షెడ్యూలు 40 మందము 3.91 మిల్లీమీటర్లు, షెడ్యూలు 80 మందము 5.54.

ఇప్పుడు మరల ఆ ఉదయమునకు వత్తము. గొట్టములో వినబడిన సమ్మెట దెబ్బలేవి? రాత్రి చల్లబడిన గొట్టములో మిగిలిన ఆవిరి నీరై క్రిందిభాగమున నిలుచును. వాల్వు ఒక్కసారిగా తెరచినపుడు ఆవిరి సెకనుకు 25, 30 మీటర్ల వేగముతో దూసికొనివచ్చి, ఆ నీటిని కెరటమువలె లేపి, గొట్టము నిండ మూతవలె చేసి, తనతో ఈడ్చుకొనిపోవును. నేరుగా నున్నంతవరకు ఆ నీటిముద్దకు అడ్డులేదు. ఎల్బో వంపువద్ద అది గోడకు కొట్టుకొనును. ఇంతలో చల్లని గొట్టము తగిలిన ఆవిరి నీరగుచుండును. మామూలు వాయుపీడనములో ఒక లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 1,670 లీటర్లగును. మరల నీరైనపుడు అంత చోటును ఒక్కసారిగా ఖాళీచేయును. ఆ శూన్యములోనికి ఇరువైపుల నీరు వచ్చి ఢీకొనును. దీనినే వాటర్ హామర్, నీటిసమ్మెట, అందురు. చేత ఉక్కు ఎల్బో అట్టి దెబ్బకు కొంత సాగి యోర్చును, లేదా వంకరపోయి హెచ్చరించును. బీడు ఎల్బో హెచ్చరింపదు, పగులును. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పీడనమున ఆవిరి వేడి సుమారు 170 డిగ్రీలు. ఆ వేడి వీపున తగిలినది.

అందుచేత తప్పంతయు దుకాణముదే యని నేను చెప్పను. వాల్వును కొంచెము కొంచెముగా త్రిప్పి గొట్టమును వేడెక్కనీయవలసియుండెను. పల్లపు చోట నీరు విడుచు ట్రాపు ఉండవలసియుండెను, అది లేదు. ఎంత మంచి ఎల్బో యైనను దినదినము నీటిసమ్మెట తినుచుండినచో ఏనాటికైన ఓడును. అయినను ఆనాడు అచట చేత ఉక్కు ఉండిన పక్షమున, ఆ తండ్రి చేయి కాలక, గొట్టము మాత్రమే వంకరపోయి యుండెడిదని నా నమ్మకము.

1923 నాటి బాయిలర్ల చట్టము, ఆవిరి పీడనము చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు దాటిన గొట్టమును ఆవిరి గొట్టముగా ఎంచి తనిఖీ క్రిందికి తెచ్చెను. ఆ చట్టము స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినను, తనిఖీ, ధ్రువపత్రములు అను పద్ధతి పోలేదు. బాయిలరు నిబంధనల ప్రకారము ఫిట్టింగులకు తయారీ, పరీక్షల ధ్రువపత్రమొకటి యుండవలెను. వ్యవహారమున దానిని ఫారము మూడు–సి అందురు. ఆ పత్రములో వ్రాసిన హీటు నంబరు వస్తువుపై పొడిచిన హీటు నంబరుతో సరిపోవలెను. హీటు నంబరనగా ఆ ఉక్కు ఏ కొలిమిపాకమునుండి వచ్చినదో తెలుపు గుర్తు. మన రంగునూలు లాటు నంబరు వంటిదే. పత్రము చూపి వస్తువు చూపనివానిని, వస్తువు చూపి పత్రము చూపనివానిని సమానముగా అనుమానింపవలెను.

పత్రము లేని పాత వస్తువు చేతబడినపుడు కొన్ని మోటు పరీక్షలు గలవు. పోతవస్తువుపై అక్షరములు సాధారణముగా ఉబ్బెత్తుగ నుండును, ఏలయన అచ్చులోనే వచ్చినవి. రెండు అచ్చులు కలిసినచోట సన్నని గీతయు కనబడును. చేత ఉక్కుపై అక్షరములు పొడిచినవి గాని, రంగుతో అద్దినవి గాని యగును. చిన్న సుత్తితో తట్టినచో ఉక్కు గంటవలె మ్రోగును, బీడు మందముగ పలుకును. ఆకురాయితో రాచినచో ఉక్కునుండి సన్నని తునుకలు, బీడునుండి నల్లని పొడి రాలును. సానరాతిపై ఉక్కు నిప్పురవ్వలు పొడవుగ, పసుపుతెలుపుగ పోవును. బీడువి పొట్టివి, ఎర్రనివి. ఇవి బీడును ఉక్కునుండి వేరుచేయుటకు చాలును, డబ్ల్యు.పి.బి.ని మరియొక ఉక్కునుండి వేరుచేయుటకు చాలవు. అందుకు పరీక్షాశాల కావలసినదే. గాల్వనైజు వస్తువును వెల్డింగు చేయుట గూడ మంచిది కాదు. పైపూత యశదము పొగయై లేచి, పీల్చినవానికి జ్వరము తెప్పించును.

మా విద్యార్థి తండ్రి తెచ్చిన ముక్కలను ఈ విధముగనే చూచితిని. పగిలిన ముఖము బూడిదరంగున, రవ్వరవ్వగా, పంచదార విరిగినట్లుండెను. ఉక్కు చిరిగినచో అంచు సాగి పీచువలె నుండవలెను. అక్షరములు ఉబ్బెత్తు, అందులో ప్రమాణసంఖ్య లేనేలేదు. అది మాలియబుల్ గూడ కాదు, వట్టి బీడు. చిట్టీపై రాట్ అని వ్రాసినవానికి ఆ మాట యర్థము తెలిసి వ్రాసెనో, తెలియక వ్రాసెనో నేను నిర్ణయింపలేను. కొన్నవానికి తెలియకపోవుట మాత్రము నిశ్చయము.

1870ల దశాబ్దమున మురార్జీ గోకుల్‌దాసు నెలకొల్పిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, అనగా జనులు జూనీ మిల్లు అని పిలిచినది, మూతపడి దశాబ్దములైనది. పెద్ద మిల్లులలో బాయిలరు చూచుటకు వేరుగ ఇంజనీరుండెడివాడు. నేడు చద్దరు, టవేలు పనులు చిన్న చిన్న కార్ఖానాలలో సాగుచున్నవి. అచట యజమానియే ఫిట్టరు, ఆయన కొడుకే కొనుగోలుదారు. మన పిల్లలలో ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ప్లంబరు తరగతులకు పోవువారును ఏటేట గలరు. అచటి పుస్తకములు మరాఠీలోను, ఆంగ్లములోను ఉండును. ఇంట తెలుగులో చేత, పోత యను రెండు మాటలు తెలిసి పోయిన బాలునికి ఘడీవ్, ఓతీవ్ అనునవి క్రొత్త పాఠము కావు, తెలిసిన వస్తువుల క్రొత్త పేర్లే.

దుకాణమునకు పోవువారు చిట్టీపై ఈ మాటలన్నియు వ్రాయించుకొనవలెను: నిర్దేశసంఖ్య, తరగతి, కొలత, షెడ్యూలు, అతుకు గలదా లేనిదా, హీటు నంబరు. ఉదాహరణకు, "రెండంగుళముల ఎల్బో, ఏ 234 డబ్ల్యు.పి.బి., షెడ్యూలు 40, అతుకు లేనిది" అని. రాట్ అను ఒక్క మాటతో చిట్టీ ముగిసినచో దానిని తిరిగి వారి చేతికే యిచ్చి, సంఖ్య వేయుమని యడుగవలెను.

ఆ రెండు ముక్కలు ఇప్పుడు మన పాఠశాల విజ్ఞానశాస్త్రపు బీరువాలో రెండవ అరలో నున్నవి. వాని ప్రక్కన ఒక డబ్ల్యు.పి.బి. ఎల్బోను, ఒక గాల్వనైజు టీని, ఒక పాత వాల్వు మేనును ఉంచినాము. ఫలితముల పత్రమునకై వచ్చు తల్లిదండ్రులు అడిగినచో తీసి చూపింతుము. వాల్వుపై నూనె మడ్డి పేరుకొనియున్నది. గుడ్డతో తుడిచినగాని అక్షరములు కనబడవు.